భిన్నముపై భిన్నము



ఈ సాయంకాలము నేను మీతో భిన్నములను గూర్చి మాటలాడదలచితిని. అందును సాధారణ భిన్నములను గూర్చి కాదు; భిన్నమును భిన్నముచే భాగింపగా ఏర్పడు సంకీర్ణ భిన్నములను గూర్చి. ఈ పేరు విన్నంతనే మీలో కొందరు రేడియో చెంతనుండి లేచిపోవుదురేమో యని నాకు సంశయము గలదు. బడిలో పిల్లల నెక్కువగా ఏడిపించు లెక్కలివియే. పైన నొక భిన్నము, క్రింద నొక భిన్నము, నడుమ నొక పొడుగు గీత. చూచుటకు నాలుగంతస్తుల మేడవలె నుండును. కాని యీ లెక్కను మనము పొలమునందును, గాదెకడను, అప్పు పత్రము వ్రాయునప్పుడును చేయుచునే యున్నాము. పేరు మాత్రము వేరు.

రేడియోలో నల్లబల్ల లేదు. కావున అంకెలను నోటితోనే చెప్పెదను. కాగితమును కలమును చేతనున్నవారు వ్రాసికొనుడు; లేనివారు వ్రేళ్ళ కణుపులపై లెక్కించుకొనుడు. మన తాతలకు కణుపులే పలక.

మన భాషలో భిన్నములకు గల పేర్లను ముందుగా స్మరింతము. కాలు, అర, ముక్కాలు అనునవి ఒకటిలోని నాలుగవ వంతులు. వీసము, పరక, మువ్వీసము అనునవి పదునారవ వంతులు; వీసమనగా పదునారింట ఒకటి, పరక యనగా రెండు వీసములు, మువ్వీసమనగా మూడు. నాలుగు వీసములు కూడిన కాలు. నాలుగు కాళ్ళు కూడిన ఒకటి. నాలుగు కాళ్ళును కుదిరిననే గాని మంచము నిలువదు గదా! పూర్వపు లెక్కల కవిలెలలో కాలునకు నిలువుగీత, వీసమునకు అడ్డగీత వ్రాయుచుండిరి. రెండు నిలువుగీతలు అర, మూడు నిలువుగీతలు ముక్కాలు. అటులనే రెండడ్డగీతలు పరక. కంప్యూటరులలో లోకమునందలి లిపులన్నిటికిని స్థానములు కేటాయించు యూనికోడు అను ఏర్పాటులో 2008వ సంవత్సరమున ఈ గీతలకును చోటు దొరకినది. వాడుకలో మరుగుపడిన పిదపనైనను వాని కా గౌరవము దక్కుట సంతోషకరము.

ఈ పద్ధతిలో ఒక సుఖమును ఒక చిక్కును కలవు. సగము చేయుట, మరల సగము చేయుట ఇందు మిక్కిలి సులభము. కాని ముగ్గురన్నదమ్ములు పంచుకొనవలసి వచ్చినచో వీసములు చాలవు. పదునారు వీసములను మూడుచే భాగించినచో ఒక్కొక్కరికి అయిదు వీసములు వచ్చి ఒక వీసము మిగులును. దానిని మరల మూడు చేయవలెను. అనగా మూడవ వంతును వీసములలో చెప్పవలెనన్నచో అయిదును, వీసములో మూడవ వంతును అని చెప్పవలెను. పైన అయిదును మూడవ వంతును, క్రింద పదునారు. ఇదియే సంకీర్ణ భిన్నము! ఎనుబది యేండ్లు దాటిన పెద్దలకు దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చువరకు రూపాయికి పదునారణాలు, అణాకు పండ్రెండు దమ్మిడీలు. రూపాయిలో మూడవ వంతు ఎంత యని అడిగినచో అయిదణాల నాలుగు దమ్మిడీలని బడికిపోని వర్తకుడును తడువుకొనక చెప్పుచుండెను. అణా రూపాయిలో వీసము. నాలుగు దమ్మిడీలు అణాలో మూడవ వంతు. సంకీర్ణ భిన్నమను మాటను అతడెన్నడును విని యెరుగడు.

వడ్డీ సంగతి చూడుడు. నూటికి ఆరుంబావు అనునది పైన ఆరుంబావు, క్రింద నూరు గల సంకీర్ణ భిన్నము. రెంటిని నాలుగుచే హెచ్చించినచో పైన ఇరువదియైదు, క్రింద నాలుగు వందలు, అనగా వీసము. నూటికి పండ్రెండున్నర యనగా పరక. ఇంక ఊళ్ళలో నెలకు నూటికి రూపాయి పావలా చొప్పున అప్పు వ్రాయించుకొందురు. పైన ఒకటింబావు, క్రింద నూరు. నాలుగుచే హెచ్చింపగా నాలుగు వందలలో అయిదు, అనగా ఎనుబదవ వంతు. నెలకు అసలులో ఎనుబదవ వంతు వడ్డీయైనచో, ఎనుబది నెలలకు, అనగా ఆరు సంవత్సరముల ఎనిమిది నెలలకు, బారువడ్డీ అసలంత యగును. నూటికి రెండు రూపాయలైనచో ఏబదవ వంతు. నాలుగు సంవత్సరముల రెండు నెలలకే అప్పు రెట్టింపు. నూటికి ముప్పావలా భేదమేగదా యని వేలిముద్ర వేయుటకు ముందు ఈ రెండు కాలములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవలెను. భిన్నమును తలక్రిందు చేయగా నెలలు దొరకుచున్నవి; ఈ తలక్రిందు చేయుటలోని రహస్యమును ఇపుడు చెప్పెదను.

కొలతలు ఊరూర వేరైనను మా వైపున కుంచమునకు నాలుగు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు. కావున కుంచమునకు పదునారు సోలలు. సోల కుంచములో వీసము. తవ్వ కుంచములో పరక. ఒక యింట ముక్కాలు కుంచము బియ్యము గలదనుకొనుడు. పూటకు తవ్వ చొప్పున వండుకొన్నచో ఎన్ని పూటలు వచ్చును? ఇల్లాలు వెంటనే ఆరు పూటలని చెప్పును. ఆమె చేసినదేమి? ముక్కాలు కుంచమును పండ్రెండు సోలలుగా తలచినది; తవ్వను రెండు సోలలుగా తలచినది; పండ్రెండులో రెండు ఆరుసారులు పోవునని చూచినది. లెక్కల పుస్తకములో ఇదియే నాలుగింట మూడును ఎనిమిదింట ఒకటిచే భాగించుట. రెంటిని ఒకే చిన్న కొలతలోనికి దింపిన తరువాత భిన్నములు మాయమై వట్టి అంకెలు మిగులును.

ఇచ్చట పిల్లలకొక సందేహము కలుగును. భాగించినచో తగ్గవలెను గదా, ముక్కాలును భాగింపగా ఆరెట్లు వచ్చినదని. ఈ సందేహము న్యాయమైనదే. దానిని కసరి యణచివేయు ఉపాధ్యాయులయందు నాకు గౌరవము లేదు. భాగించుట యనగా పంచుట మాత్రమే కాదు, దానిలో ఇది ఎన్నిసారులు పట్టునని కొలిచి చూచుటయు నగును. కొలపాత్ర చిన్నదగుకొలది సారులు పెరుగును. సోలతో కొలిచిన కుంచము పదునారుసారులు వచ్చును. పాత్ర మూడు సోలలు పట్టునదైనచో సారులు మూడవ వంతునకు తగ్గును. పదునారును మూడుచే భాగింపవలెను. కావున పదునారింట మూడు అను పాత్రతో కొలుచుటయు, మూడింట పదునారుచే హెచ్చించుటయు ఒక్కటియే. ముక్కాలు కుంచమైనచో ముక్కాలును మూడింట పదునారుచే హెచ్చింపగా నాలుగు. తలక్రిందు చేసి హెచ్చింపుమని బడిలో చెప్పిన మంత్రమునకు అర్థమిదియే.

ఈ విధానము మనకు క్రొత్తది కాదు. 628వ సంవత్సరమున బ్రహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు భాగహారము యొక్క లవమును హారమును తారుమారు చేసి హెచ్చింపవలెనని విధించెను. 850 ప్రాంతమున రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్ష నృపతుంగుని కాలమందుండిన జైన గణితవేత్త మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమను సంస్కృత గ్రంథమున భిన్నములను ఆరు జాతులుగా విభజించెను. అందు భిన్నములోని భిన్నమునకు ప్రభాగమనియు, మనము చెప్పుకొనుచున్న భిన్నముపై భిన్నమునకు భాగభాగమనియు పేరు. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగున గణితశాస్త్రమునకు ఆయనయే ఆద్యుడు. మూలమును రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో సరిచూచి సిద్ధపరుపగా, చెన్నపట్టణమున ప్రభుత్వమువారు 1912లో ముద్రించిరి. ఆ కాలపు వ్రాతలో లవమునకును హారమునకును నడుమ గీత లేదు. ఒకదాని క్రింద నొకటి వ్రాసి ఊరకుండిరి. గీత తరువాత వచ్చినది.

గీత వచ్చినందున మేలును కలిగినది, జాగ్రత్తయు అవసరమైనది. ఒకటి, రెండు, మూడు అను అంకెలను నిలువుగా వ్రాసి నడుమ రెండు గీతలు గీచితి ననుకొనుడు. ఏ గీత పెద్దది? మొదటి గీత పెద్దదైనచో, ఒకటిని మూడింట రెండుచే భాగింపవలెను, వచ్చునది ఒకటిన్నర. రెండవ గీత పెద్దదైనచో, అరను మూడుచే భాగింపవలెను. వచ్చునది ఆరవ వంతు. అంకెలవియే, వరుస యదియే. ఫలములలో తొమ్మిది రెట్ల భేదము! గీతలు రెండును సమానముగా గీచినవాడు ఏమియు చెప్పనివాడే. ఆస్తి భాగములను పత్రములలో వ్రాయునప్పుడు ఏటవాలు గీతల నమ్ముకొనక, ఆరవ వంతు అని అక్షరములలో వ్రాయించుడు. సందర్భవశమున ఒక మాట. సర్వే సంఖ్యలలో 112 బై 2 అని యుండును. అది భిన్నము కాదు. నూటపండ్రెండవ సంఖ్య గల క్షేత్రములో రెండవ ఉపభాగమని మాత్రమే దాని యర్థము. ఒక విద్యార్థి దానిని ఏబదియారుగా కుదించి చూపెనని విని నవ్వుకొంటిని. కాని కుదించు విద్య వచ్చినందులకు వానిని మెచ్చుకొనవలెను.

ప్రభాగమును గూర్చి క్లుప్తముగా. ఉమ్మడి క్షేత్రములో తన మూడవ వంతు నుండి ముప్పాతికను ఒకడు విక్రయించెను. అమ్మినది అరువదిరెండున్నర సెంట్లు. మొత్తము క్షేత్రమెంత? మూడవ వంతులో ముప్పాతిక యనగా మొత్తములో పాతిక. అరువదిరెండున్నర పైన, పాతిక క్రింద; నాలుగుచే హెచ్చింపగా రెండువందల ఏబది సెంట్లు, రెండున్నర ఎకరములు. పత్రములో మొత్తము మూడెకరములని యున్నచో ఎక్కడనో తప్పు జరిగినదని అక్కడికక్కడ తెలియును.

ఇక నేను స్వయముగా చూచిన ఒక తగవు చెప్పెదను. ఒక గ్రామమున ఒక కౌలురైతు ఇద్దరు ఆసాముల చేలను సాగుచేయుచుండెను. మొదటివారి చేను ఎకరమున్నర. పండినది నలుబదిరెండున్నర బస్తాలు. రెండవవారి చేను ముప్పాతిక ఎకరము. కోస్తావారికి డెబ్బదియైదు సెంట్లు, తెలంగాణమువారికి ముప్పది గుంటలు. పండినది ఇరువదియైదు బస్తాలు. పంటనుబట్టి ఎకరమునకు కౌలు నిర్ణయింపవలెనని ముందే ఒప్పందము. మొదటి ఆసామి, నా చేనిలో నలుబది దాటినవి, ఆయన చేనిలో ఇరువదియైదే. కావున నా భూమి సారవంతమైనది, నాకు ఎకరమునకు హెచ్చు కౌలు రావలెను అనెను. రచ్చకడ కూర్చున్నవారిలో పలువురు తల లూపిరి. చేను రెండింతలైనందున కొంత తగ్గించుకొనవలెనని ఒకరనిరి గాని ఎంతయో చెప్పలేకపోయిరి. రైతు ఏమియు మాటలాడక నిలుచుండెను. ఆసాముల యెదుట లెక్క తప్పని చెప్పుట వానికి సాధ్యమా?

నన్ను చూడుమనిరి. నేను రెండు సంకీర్ణ భిన్నములను వ్రాసితిని. మొదటిదానిలో పైన నలుబదిరెండున్నర, క్రింద ఒకటిన్నర. రెంటిని రెండుచే హెచ్చించితిని. పైన ఎనుబదియైదు, క్రింద మూడు. రెండవదానిలో పైన ఇరువదియైదు, క్రింద నాలుగింట మూడు. రెంటిని నాలుగుచే హెచ్చించితిని. పైన నూరు, క్రింద మూడు. ఆ పిదప భిన్నముల మాటయే యెత్తక, అయ్యా, మొదటి చేని వంటి భూమి మూడెకరము లున్నచో ఎనుబదియైదు బస్తాలు పండును, రెండవ చేని వంటిది మూడెకరము లున్నచో నూరు బస్తాలు పండును అని చెప్పితిని. మూడెకరములకు పదునైదు, అనగా ఎకరమునకు అయిదు బస్తాలు రెండవ చేనియందే హెచ్చు. ఒకదానిలో ఎకరమునకు ఇరువదియెనిమిదియు మూడవ వంతును, రెండవదానిలో ముప్పదిమూడును మూడవ వంతును. రెండవ ఆసామికే తన భూమి మేలైనదని అంతవరకు తెలియదు. ఒక ముసలి రైతు నమ్మక మరల లెక్కించెను: డెబ్బదియైదు సెంట్లకు ఇరువదియైదు బస్తాలైనచో మూడు సెంట్లకొక బస్తా, నూరు సెంట్లకు ముప్పదిమూడు, పైన కొంచెము. ఆయన పద్ధతి నా పద్ధతికంటె తక్కువది కాదు. మొదటి చేని కౌలు పెంచుట మానిరి.

లవమునందో హారమునందో కూడిక యున్న సంకీర్ణ భిన్నము మరికొంత మెలకువ కోరును. ఒక యూరి నీటి తొట్టిని ఒక మోటారు ఒకటిన్నర గంటలో నింపును. వేరొక బావిపైనున్న మోటారు రెండుంబావు గంటలలో నింపును. కరెంటు ఒక గంటయే యుండును. రెండును కలిసి నింపగలవా? కొందరు రెండు కాలములను కూడి సగము చేసి, రెండు గంటలకు పరక తక్కువ యనుదురు. మొదటి మోటారు ఒంటిగానే ఒకటిన్నర గంటలో నింపుచుండగా, దానికి తోడు వచ్చిన పిదప ఆలస్యమెట్లగును? ఎద్దుకు జత కట్టిన బండి నిలిచిపోయెనన్నట్లున్నది. గంటలో మొదటిది తొట్టిలో ఎంత నింపును? ఒకటిపైన, ఒకటిన్నర క్రింద, మూడింట రెండు. రెండవది ఒకటిపైన, రెండుంబావు క్రింద, తొమ్మిదింట నాలుగు. రెంటిని కూడగా తొమ్మిదింట పది. ఇపుడు ఒకటిని దీనిచే భాగింపగా పదింట తొమ్మిది గంట, అనగా ఏబదినాలుగు నిమిషములు. గంటకరెంటు చాలును, మూడవ మోటారునకు చందాలు వేయనక్కరలేదు. ఇచ్చట మెలకువ యేమనగా, హారములోని కూడికను ముగించిన తరువాతనే తలక్రిందు చేయవలెను. ముందే విడివిడిగా తలక్రిందు చేసినచో మూడుముప్పావు గంటలు వచ్చును, అది అసంబద్ధము. ఇట్టి లెక్కయే, ఊటలు తటాకమును నింపుటగా, 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతియందును గలదు. ఒకటి దినములో, ఒకటి సగము దినములో, ఒకటి మూడవ వంతులో, ఒకటి ఆరవ వంతులో నింపునవి. నాలుగును కలిసిన పండ్రెండవ వంతు దినములో నిండును.

చివరకు పొలములో మందు చల్లు లెక్క. ఇది తప్పినచో ధనము మాత్రమే కాక పైరును, చల్లువాని ఆరోగ్యమును చెడును. సీసాపై చీటీలో, ఎకరమునకు పావు లీటరు మందు, రెండువందల లీటర్ల నీరు అని యున్నదనుకొనుడు. వీపున మోయు డబ్బా పదునారు లీటర్లది. రెండువందలను పదునారుచే భాగింపగా ఎకరమునకు పండ్రెండున్నర డబ్బాలు. డబ్బాకు మందెంత? పైన పావు, క్రింద పండ్రెండున్నర. రెంటిని నాలుగుచే హెచ్చింపగా ఏబదింట ఒకటి. లీటరులో ఏబదవ వంతు, ఇరువది మిల్లీలీటర్లు. సీసా మూతతో ఒకటియో రెండో యని పోయరాదు. మూతలన్నియు ఒక్క కొలత కావు. గీతలున్న చిన్న కొలపాత్రను అడిగి తెచ్చుకొనవలెను. డబ్బా పది లీటర్లదైనచో ఇరువది డబ్బాలు పట్టును, డబ్బాకు పండ్రెండున్నర మిల్లీలీటర్లు. ముప్పాతిక ఎకరము చేనైనచో పదునారు లీటర్ల డబ్బాలు తొమ్మిదియు, ఎనిమిదింట మూడును కావలెను. తొమ్మిది డబ్బాలకు ఇరువది చొప్పున నూటయెనుబది మిల్లీలీటర్లు పోయును. పదియవ డబ్బాను నిండుగా కలుపనక్కరలేదు. అందు ఆరు లీటర్ల నీరును, ఏడున్నర మిల్లీలీటర్ల మందును చాలును.

నాకిచ్చిన సమయము ముగిసినది.